ముందు తిండి, కారణాలు ఆ తర్వాత

మా తమ్ముడికి అనొరెక్సియా నెర్వోసా, అంటే తిండంటేనే భయపడి పస్తులుండే జబ్బు, వచ్చి తగ్గిన సంగతి తెలిసినవాళ్ళు, తమ ఇంట్లో ఎవరైనా తిండి మానేస్తే నాకు ఫోన్ చేస్తుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే. "అసలు ఎందుకు తినడం లేదంటావ్?" చదువు ఒత్తిడా, ప్రేమ వ్యవహారమా, ఎవరైనా ఏమైనా అన్నారా, ఫోన్‌లో చూసే వీడియోల వల్లా? ఆ కారణమేదో పట్టుకుంటే పిల్లాడు మళ్ళీ తింటాడని వాళ్ళ ఆశ. నేను చెప్పే జవాబు వాళ్ళకి ఒక పట్టాన మింగుడుపడదు. కారణం సంగతి తర్వాత చూద్దాం, ముందు తిండి లోపలికి వెళ్ళాలి. పస్తులతో ఎండిపోయిన మెదడుని కూర్చోబెట్టి "నీకేమైంది నాన్నా" అని ఎన్ని గంటలు అడిగినా, జవాబిచ్చేది మన పిల్లాడు కాదు, వాడి పస్తు.

ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తమ్ముడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. తను చదివి, రెండు చోట్ల దిద్దాడు. బరువులు, కేలరీల అంకెలు మాత్రం ఎక్కడా వేయొద్దన్నాడు. ఈ జబ్బులో ఉన్నవాళ్ళు అలాంటి అంకె కనిపిస్తే దాంతో పోటీకి దిగుతారని వాడికి తెలుసు. కాబట్టి అవి ఇందులో ఉండవు.

అప్పుడు వాడికి 16 ఏళ్ళు. పరుగు పందేలంటే ప్రాణం. ఒళ్ళు కాస్త తేలికైతే ఇంకా వేగం వస్తుందని ఎవరో అన్నారట. మొదట చిరుతిళ్ళు మానేశాడు, తర్వాత నూనె వస్తువులు, ఆ తర్వాత రాత్రి భోజనం. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు, ఈ వయసులో ఎంత క్రమశిక్షణో అని. కొన్ని నెలలు గడిచేసరికి ఇంట్లో మాకు వేరే మనిషి కనిపించసాగాడు. పళ్ళెంలో ఉన్నదాన్ని గోరంత ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కని పళ్ళెం అంచు వెంబడి వరసగా పేర్చి, ఒకటి నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, చాలాసేపు ఆగి, రెండోది తీసుకునేవాడు. అందరి భోజనాలూ అయిపోయి, గిన్నెలు కడగడం కూడా పూర్తయ్యేది. వాడి పళ్ళెంలో మూడొంతులు అలాగే ఉండేది.

విచిత్రమేమిటంటే అదే రోజుల్లో వాడికి వంటల పిచ్చి పట్టుకుంది. అర్ధరాత్రి దాకా వంటల వీడియోలు చూసేవాడు. సెలవు రోజున పొద్దున్నే లేచి మా అందరికీ వండిపెట్టేవాడు. మేం తింటుంటే పక్కన నిలబడి "ఎలా ఉంది? ఇంకొంచెం వేసుకోవా అక్కా?" అని కొసరి కొసరి వడ్డించేవాడు, తను మాత్రం ముట్టేవాడు కాదు. కూర్చోవడం దాదాపు మానేశాడు. పుస్తకం కిటికీ గట్టు మీద పెట్టుకుని నిలబడే చదివేవాడు. మేమంతా ఉక్కపోతకి అల్లాడుతుంటే వాడు స్వెట్టర్ తీసేవాడు కాదు. దువ్వెన నిండా జుట్టు. ముంజేతుల మీద పసిపిల్లల ఒంటిమీద ఉండే లాంటి మెత్తటి నూగు మొలిచింది. ఒంట్లో కొవ్వు కరిగిపోయాక వేడిని నిలుపుకోవడానికి శరీరం పడే పాట్లలో అదొకటని తర్వాత తెలిసింది.

వాడికి ఆకలి చచ్చిపోలేదు. రోజంతా ఆకలితోనే ఉన్నాడు, రోజంతా తిండి గురించే ఆలోచించాడు. ఈ జబ్బు గురించి బయటివాళ్ళకి అసలు తెలియని సంగతి ఇదేననుకుంటాను.

1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించిన యువకుల్లోంచి 36 మందిని ఎంచుకున్నాడు. ఒంటికీ మనసుకీ ఏ లోపమూ లేనివాళ్ళని ఏరి మరీ తీసుకున్నాడు. యుద్ధంలో ఆకలితో మాడిన జనానికి మళ్ళీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. 24 వారాల పాటు ఆ యువకులకి మామూలుగా తినేదాంట్లో సగం మాత్రమే పెట్టారు. బరువులో సుమారు నాలుగో వంతు పోయింది. అప్పుడు వాళ్ళేం చేశారో చదివితే నాకు మా తమ్ముడే కనిపించాడు. తిండిని ముక్కలు ముక్కలు చేసుకుని ఒక్క భోజనాన్ని గంటల కొద్దీ సాగదీశారు. అంతకు ముందు వంటింటి ముఖం చూడనివాళ్ళు వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు. వేసవిలోనూ చలి అన్నారు. స్నేహితులకి దూరమయ్యారు, చీటికీ మాటికీ చిరాకు పడ్డారు, దిగులులో కూరుకుపోయారు. వాళ్ళెవరికీ లావైపోతానన్న భయం లేదు, కుటుంబ సమస్యలు లేవు. ఒక్క పస్తు చేసిన పని అది. తిండి మళ్ళీ మొదలుపెట్టాక కూడా చాలామందికి మనసు కుదుటపడటానికి నెలలు పట్టింది.

ఆ ప్రయోగం గురించి మా డాక్టరుగారు చెప్పిన రోజు అమ్మ ముఖంలో వచ్చిన మార్పు నాకిప్పటికీ గుర్తుంది. అప్పటిదాకా వాడి ప్రతి వింత చేష్టకీ వెనక ఏదో గాయం ఉందని, ఆ గాయానికి తనే కారణమేమోనని కుమిలిపోయింది. వాటిలో సగానికి పైగా ఆకలి లక్షణాలే అని తెలిసేసరికి చేయాల్సిన పనేమిటో స్పష్టమైంది.

అలాగని పస్తున్న ప్రతివాళ్ళకీ అనొరెక్సియా రాదు. ఆ 36 మందీ తిండి కనిపిస్తే ఎగబడేవాళ్ళు. మా వాడికి తిండి కనిపిస్తే భయం వేసేది. "తినకపోతే తల లోపల గోల తగ్గి ప్రశాంతంగా ఉంటుంది, తింటే మళ్ళీ మొదలవుతుంది" అని తర్వాతెప్పుడో చెప్పాడు. ఈ స్వభావం కొంత పుట్టుకతోనే వస్తుంది. కవలల మీద చేసిన అధ్యయనాల్లో ఈ జబ్బు వచ్చే అవకాశంలో దాదాపు సగం వంతు జన్యువులదేనని తేలింది. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులని పరిశీలించి, ఈ జబ్బుతో ముడిపడిన 8 చోట్లని గుర్తించారు. మానసిక జబ్బులతో పాటు, తిన్నదాన్ని ఒళ్ళు ఎలా వాడుకుంటుందన్న విషయంతో కూడా దీనికి సంబంధం ఉన్నట్టు అందులో బయటపడింది. డైటింగ్, మితిమీరిన వ్యాయామం, ఏదో జ్వరం తర్వాత తగ్గిన బరువు, ఏదైనా సరే నిప్పు రవ్వ కావచ్చు. ఆ రవ్వ పది మంది మీద పడితే తొమ్మిది మంది దులిపేసుకుంటారు, పదో మనిషి అంటుకుంటాడు.

ఇది ఈ కాలపు పిల్లల సెల్ఫోన్ జబ్బు అనేవాళ్ళకి ఒక పాత కథ చెబుతుంటాను. రిచర్డ్ మోర్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1689లోనే, క్షయ జాడలేకుండా చిక్కి శల్యమైపోయిన ఇద్దరు రోగుల గురించి రాశాడు. ఒకరు 18 ఏళ్ళ అమ్మాయి, ఇంకొకరు 16 ఏళ్ళ అబ్బాయి. అమ్మాయి చనిపోయింది. అబ్బాయి కోలుకున్నాడు. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసేగ్ ఎవరికి వారే ఈ జబ్బుని వర్ణించారు, ఇప్పుడు మనం వాడుతున్న పేరు గల్ పెట్టిందే. ఫోన్లు, ఫ్యాషన్ పత్రికలు జబ్బుకి ఆజ్యం పోయొచ్చు, పోస్తున్నాయి కూడా. కానీ అవి లేని కాలంలోనూ ఇది ఉంది, అబ్బాయిలకీ వచ్చింది. మా వాడు అబ్బాయి కాబట్టే ఈ అనుమానం ఎవరికీ రాలేదు, విలువైన సమయం పోయింది.

మొదట చూసిన డాక్టరు రక్తపరీక్షలు రాశారు. అన్నీ మామూలుగా వచ్చాయి. "ఏమీ లేదు, టానిక్ రాస్తాను, వయసు పిల్లాడు, అదే సర్దుకుంటుంది" అన్నారు. ఇక్కడ నేను ఆగి చెప్పాల్సింది ఉంది. రక్తపరీక్షలు బాగున్నంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు. శరీరం తన కండనీ ఎముకనీ కరిగించుకుంటూ రక్తంలో లెక్కలు చివరిదాకా నిలబెడుతుంది. రెండో డాక్టరు వాణ్ణి మంచం మీద పడుకోబెట్టి నాడి, బీపీ చూశారు. లేచి నిలబడమని మళ్ళీ చూశారు. చేతుల సాయం లేకుండా గొంతుక్కూర్చుని లేవమన్నారు. లేవలేకపోయాడు. పరుగు పందేల్లో బహుమతులు తెచ్చుకున్న పిల్లాడు, మంచం కోడు పట్టుకుంటే గానీ లేవలేకపోయాడు. వెంటనే ఈసీజీ తీశారు.

నాడి సంగతి ప్రత్యేకంగా చెబుతాను. ఆటలాడేవాళ్ళకి నాడి నెమ్మదిగా ఉండటం సహజమేనని మేమూ విన్నాం. కానీ బరువు పడిపోతున్న మనిషికి నాడి నెమ్మదించడం గుండె కండరం కూడా కరిగిపోతోందనడానికి గుర్తు. కౌమార వయసు పిల్లలకి పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చే విషయం ఆలోచించాలని ఆ వయసు పిల్లల వైద్యుల అంతర్జాతీయ సంఘం సూచనల్లో ఉంది. వాడిది అంతకంటే తక్కువే ఉంది. కళ్ళు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి, గుండె దడ, కాళ్ళూ చేతులూ నీలిరంగులోకి మారి చల్లబడటం, కూర్చున్నచోటు నుంచి లేవలేకపోవడం, నీళ్ళు కూడా తాగననడం, మాట తికమక పడటం, చచ్చిపోతాననడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి.

ఇంకో జాగ్రత్త. బాగా చిక్కిపోయినవాళ్ళకి కంగారుపడి ఇంట్లో ఒక్కసారిగా బలవంతపు విందు పెట్టకూడదు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి తిండి హఠాత్తుగా వచ్చిపడితే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్ళిపోయి రక్తంలో పడిపోతాయి. గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదకి వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత విడుదలైన ఖైదీల్లో ఇలా చనిపోయినవాళ్ళున్నారు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే మా వాణ్ణి ఆసుపత్రిలో ఉంచి, థయమిన్ అనే విటమిన్ ఇచ్చి, రోజూ రక్తం తీసి చూస్తూ, తిండి అంచెలంచెలుగా పెంచారు. ఆ భయంతో అసలు పెంచకుండా కూర్చోవడం కూడా అంతే ప్రమాదమని డాక్టరుగారు పదే పదే చెప్పారు. ఎంత, ఎంత వేగంగా అన్నది వైద్యులు తేల్చాల్సిన విషయం.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు పని.

మాకు చెప్పిన పద్ధతి పేరు ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో పుట్టింది. 1987లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో, 19 ఏళ్ళు నిండకముందే జబ్బు మొదలై, మూడేళ్ళు దాటనివాళ్ళకి విడిగా కూర్చోబెట్టి మాట్లాడే చికిత్స కంటే కుటుంబంతో కలిపి చేసే చికిత్స బాగా పనిచేసిందని తేలింది. ఆ రోజుల్లో తల్లిదండ్రులే ఈ జబ్బుకి కారణమని, పిల్లల్ని వాళ్ళకి దూరంగా ఉంచాలని చాలామంది నమ్మేవారు. ఈ పద్ధతి దాన్ని తిరగేసింది. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం పూర్తిగా తల్లిదండ్రులదే. బరువు కుదురుకున్నాక రెండో దశలో ఆ నిర్ణయాన్ని కొద్దికొద్దిగా పిల్లల చేతికి తిరిగి ఇస్తారు. చదువు, స్నేహాలు, ఆత్మవిశ్వాసం లాంటి మామూలు వయసు గొడవలు మూడో దశకి వస్తాయి. కారణాలు మాట్లాడుకునే చోటు అక్కడ, అప్పటికి వినే మెదడు ఉంటుంది కాబట్టి.

చెప్పడానికి తేలిగ్గా ఉంది కదా. మా భోజనాల బల్ల దగ్గర అది ఎలా ఉండేదో చెబుతాను. అమ్మ వడ్డించేది, వాడు వంటింట్లోకి రాకూడదు. పళ్ళెం ముందు పెట్టగానే వాడి కళ్ళు మారిపోయేవి. "ఇది ఎక్కువ." "నిన్నటి కంటే ఎక్కువ పెట్టావు." "నూనె వేశావు, నాకు తెలుసు." పోషకాహారం గురించి వాడికి మాకంటే వంద రెట్లు ఎక్కువ తెలుసు. వాదనకి దిగితే గెలుపు జబ్బుదే. అందుకని అమ్మ ఒకే మాట నేర్చుకుంది. "కష్టంగా ఉందని తెలుసు నాన్నా. ఇది నీ మందు. నేనిక్కడే ఉన్నాను." గొంతు పెంచకుండా, ఏడవకుండా అదే మాట. ఒకరోజు రాత్రి పళ్ళెం గోడకేసి కొట్టాడు. అమ్మ లేచి, గోడ తుడిచి, మళ్ళీ అంతే వడ్డించి తెచ్చి ముందు పెట్టి, అదే మాట మళ్ళీ చెప్పింది. "నువ్వు నా తల్లివే కాదు" అన్నాడు. మా అమ్మ అలాంటి మాట పడే మనిషి కాదు. ఆ రోజు పడింది. మాట్లాడుతున్నది వాడిలోని భయమని, వాడు కాదని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచకపోతే మేమందరం ఆ రాత్రికే చేతులెత్తేసేవాళ్ళం.

నాన్నకి ఇలాంటి మాటలు రావు. ఆయన వాడి పక్క కుర్చీలో కూర్చుని గళ్ళనుడికట్టు పూరించేవారు. ఆధారాలు పైకి చదివేవారు. "ఐదక్షరాలు, రెండోది 'ల'..." కొన్ని వారాల పాటు వాడు ఉలకలేదు, పలకలేదు. ఒకరోజు నోట్లో ముద్ద ఉండగానే జవాబు చెప్పాడు. ఆ జవాబు తప్పు. నాన్న సరేనని పెన్నుతో గళ్ళలో రాసేశారు.

నాకు మాత్రం బల్ల దగ్గర అజమాయిషీ పని ఇవ్వలేదు. అక్క పోలీసు కాకూడదు, వాడి వైపు మనిషిగా ఉండాలి అన్నారు. తిన్న తర్వాత గంటసేపు వాడితో ఉండటం నా వంతు. తిన్నది లోపల ఉందన్న బెంగ ఎక్కువగా ఉండేది, వాంతి చేసుకోవాలనో, మెట్లు ఎక్కి దిగాలనో ప్రాణం లాగేది అప్పుడే. తిండి ఊసు ఎత్తకుండా పేకాట ఆడేవాళ్ళం, పాత ఫోటోలు సర్దేవాళ్ళం, కొన్నిసార్లు ఊరికే కూర్చునేవాళ్ళం. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్న అక్కలకీ అన్నలకీ చెల్లెళ్ళకీ చెబుతున్నా, ఇది చిన్న పని కాదు. అలాగే ఆ రోజుల్లో మన చదువూ మన పుట్టినరోజూ ఎవరికీ గుర్తుండవు. కోపం వస్తుంది. ఆ కోపం ఎవరో ఒకరి దగ్గర చెప్పుకోండి, లోపల దాచుకోవద్దు.

చుట్టాలూ స్నేహితులూ ఇంటికొచ్చి చేసే పొరపాటు ఒకటుంది. ఒంటి గురించి మాట్లాడతారు. "అమ్మో, ఎంత చిక్కిపోయావ్" అంటే జబ్బుకది బహుమతి. "హమ్మయ్య, కాస్త ఒళ్ళు చేశావు, ఇప్పుడు బాగున్నావు" అంటే వాడి చెవికి "లావైపోయావు" అనే వినిపిస్తుంది. మేం గుమ్మం దగ్గరే చెప్పేవాళ్ళం, వాడి ఒళ్ళు, వాడి పళ్ళెం తప్ప ఇంకేదైనా మాట్లాడండి అని. కొంతమంది నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ.

మందుల గురించి అందరూ అడుగుతారు. ఈ జబ్బుని నయం చేసే మాత్ర ఇంతవరకూ లేదు. దిగులుకి వాడే మందులు, ఒళ్ళు పస్తులో ఉండగా పెద్దగా పనిచేయవు. ఓలాంజపిన్ లాంటి మానసిక వైద్యపు మందులు కొందరికి బరువు విషయంలో కొంచెం సాయపడతాయి, అంతే. మా వాడి చీటీలో డాక్టరుగారు మందుల వరసలో మొదట "మూడు పూటలా భోజనం, మధ్యలో మూడుసార్లు చిరుతిండి" అని రాశారు. అది చమత్కారానికి రాసింది కాదు.

18 దాటినవాళ్ళ విషయంలో దారి కొంచెం వేరు. బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు 2017లో పెద్దవాళ్ళకి మూడు చికిత్సలు సూచించాయి. ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని తిండి జబ్బుల కోసమే మలిచినది ఒకటి, పెద్దవాళ్ళ అనొరెక్సియా కోసమే మాడ్‌స్లీ పేరుతో రూపొందిన మాంట్రా అనే పద్ధతి రెండోది, అనుభవమున్న వైద్యుడి ఆసరాతో నడిచే సపోర్టివ్ క్లినికల్ మేనేజ్‌మెంట్ మూడోది. వేటిలోనైనా బరువు పుంజుకోవడం చికిత్సలో భాగమే, దాన్ని పక్కన పెట్టి మాటలతోనే నడిచే కౌన్సెలింగ్‌ని నేను నమ్మను. భార్య, భర్త, స్నేహితుడు, ఎవరైనా సరే బల్ల దగ్గర తోడు కూర్చునే మనిషి పెద్దవాళ్ళకీ అవసరమే.

సాయం ఎక్కడ దొరుకుతుందంటారా? తిండి జబ్బులకి ప్రత్యేకమైన క్లినిక్ దగ్గర్లో ఉంటే అదృష్టం. లేకపోతే ఒక మానసిక వైద్యుడు, గుండె, రక్తం, ఎముకలు చూసే ఒక ఫిజీషియన్ లేదా పిల్లల డాక్టరు, వీలైతే ఒక డైటీషియన్, ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా మనమే కూర్చుకోవాలి. వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఈ విభాగాలన్నీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి కాబట్టి అక్కడ మొదలుపెట్టడం తేలిక. ఫోన్‌లో ముందే అడగండి: ఇలాంటి రోగులకి ఇంతకు ముందు వైద్యం చేశారా, ఇంట్లోవాళ్ళని చికిత్సలో కలుపుకుంటారా, బరువూ నాడీ ఎవరు చూస్తారు, పరిస్థితి విషమిస్తే ఎక్కడ చేర్పిస్తారు. తడబడకుండా జవాబు చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒక కాగితం రాసుకెళ్ళండి. ఏం తింటున్నారు, ఏం మానేశారు, ఎంత వ్యాయామం, వాంతులు, విరేచనాల మందులు ఉన్నాయా, కళ్ళు తిరిగాయా, ఆడపిల్లలైతే నెలసరి సంగతి. నెలసరి సరిగ్గా వస్తోందని ఊరుకోవద్దు. నెలసరి ఆగితేనే ఈ జబ్బు అన్న పాత షరతుని 2013లో అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం తీసేసింది. చూడటానికి సన్నగా లేరని కూడా ఊరుకోవద్దు. ఎక్కువ బరువు నుంచి మొదలై వేగంగా తగ్గినవాళ్ళకీ గుండె ఇంతే నీరసిస్తుంది.

రోగి ఒప్పుకునేదాకా ఆగుదాం అనుకుంటే మాత్రం ఆగుతూనే ఉంటాం. "నాకేమీ కాలేదు" అనడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. 2011లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేస్తే, ఈ జబ్బున్నవాళ్ళలో మరణాలు అదే వయసు మామూలు జనం కంటే దాదాపు 6 రెట్లు. చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరిది ఆత్మహత్య. కాబట్టి చావు ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్ని గానీ ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌ని గానీ పిలవండి.

ఇది చదువుతున్నది జబ్బులో ఉన్న నువ్వే అయితే, తమ్ముడు ఒక మాట చెప్పమన్నాడు. "నేనింకా అంత జబ్బుగా లేను, నాకంటే సన్నగా ఉన్నవాళ్ళున్నారు, సాయం వాళ్ళకి" అని నీ తల లోపల వినిపిస్తోంది కదా, వాడికి ఆసుపత్రి మంచం మీద ఈసీజీ తీస్తున్నప్పుడూ అదే వినిపించిందట. ఆ గొంతు ఎప్పటికీ సరే అనదు. దాని అనుమతి కోసం చూడకు. ఒక్కరికి చెప్పు. నోటితో చెప్పలేకపోతే ఇదే పంపించి "ఇది నా గురించి" అని రాయి. నిండా కోలుకోవాలన్న కోరిక నీకిప్పుడు లేకపోయినా ఫర్వాలేదు, వాడికీ మొదట్లో లేదు. తింటూ తింటూ ఉండగా ఎప్పుడో వచ్చింది.

కోలుకోవడం గురించి అబద్ధం చెప్పను, నెమ్మదిగానే జరుగుతుంది. బరువు ముందు వస్తుంది, మనసు చాలా వెనక వస్తుంది. ఆ మధ్య కాలంలో పైకి బాగున్నట్టు కనిపిస్తూ లోపల అందరికంటే ఎక్కువ నలిగిపోతుంటారు. సరిగ్గా అప్పుడే ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుని పట్టు వదిలేస్తారు. అమెరికాలో ఒక బృందం ఈ జబ్బున్న మహిళల్ని 22 ఏళ్ళ పాటు వెంబడి చూసి 2017లో ఫలితాలు ప్రచురించింది. 9 ఏళ్ళ దగ్గర కోలుకున్నవాళ్ళు 31 శాతం. 22 ఏళ్ళ దగ్గర 63 శాతం. ఏళ్ళ తరబడి జబ్బుతో ఉన్నవాళ్ళని చూసి ఇక వీళ్ళింతే అనేవాళ్ళకి నేను ఈ రెండో అంకె చూపిస్తాను.

మా వాడికి మధ్యలో ఒకసారి తిరగబెట్టింది. చదువు కోసం ఇల్లు వదిలి వెళ్ళిన మొదటి నెలల్లో. ఈసారి ముందుగానే పసిగట్టాం, ఎందుకంటే గుర్తులన్నీ బాగున్న రోజుల్లో వాడే ఒక కాగితం మీద రాసిచ్చాడు: నిలబడి చదవడం, ఫోన్ ఎత్తగానే "ఇప్పుడే తిన్నా" అనడం, వంటల వీడియోలు, వదులు చొక్కాలు. పక్కనే మేం ఏం చేయాలో కూడా వాడే రాశాడు. "తిన్నావా అని అడగొద్దు. వచ్చి ఎదురుగా కూర్చోండి." నాన్న వెళ్ళి కొన్నాళ్ళు వాడి గదిలోనే ఉన్నారు, గళ్ళనుడికట్టు పుస్తకం పట్టుకుని.

ఎముకల స్కాన్ మళ్ళీ తీయించాల్సి ఉంది, పెరిగే వయసులో పోయిన ఎముక సాంద్రత అంత తేలిగ్గా తిరిగి రాదు. పరుగుకి ఈ మధ్యే డాక్టరుగారు ఒప్పుకున్నారు. గడియారం పెట్టుకోకూడదు, పక్కన ఒక మనిషి ఉండాలి, పరిగెత్తిన రోజు చిరుతిండి ఒకటి అదనం. పక్కన ఉండే మనిషిని నేనే. వాడితో సమానంగా పరిగెత్తలేను కాబట్టి వాడే నెమ్మదిగా వస్తాడు.